పరాయి నేల మీద పురుడు: వలస స్త్రీల ప్రసూతి సంరక్షణ – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

తెలుగులో స్త్రీ ప్రసవిస్తుంది. ఆమెకు మరొకరు పురుడు పోస్తారు. ఈ రెండు క్రియల మధ్య ఉన్న భేదమే ఈ వ్యాసానికి ఆధారం. ప్రసవం శరీర ధర్మం. కొన్ని గంటల్లో ముగుస్తుంది. పురుడు పోయడం ఒక కుటుంబం తలకెత్తుకునే బాధ్యత. నెలలు నిండుతున్న కూతురిని పుట్టింటికి తెచ్చుకోవడం, మంత్రసానిని కుదుర్చుకోవడం, కాన్పయ్యాక బాలింతకు పథ్యం పెట్టడం, ఒళ్ళు మర్దించి వేడినీళ్ళు పోయడం, కాయం తినిపించడం, బారసాల చేసి తల్లీబిడ్డలను అత్తవారింటికి సాగనంపడం అనే పనులన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. మొదటి కాన్పు పుట్టింటివారి బాధ్యత అనడంలో ఖర్చు లెక్క మాత్రమే లేదు. అలసిన శరీరానికి విశ్రాంతి ఇవ్వవలసింది ఎవరో కూడా ఆ మాటే చెబుతుంది.

మరి పుట్టిల్లు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉండిపోయినప్పుడు పురుడు ఎవరు పోశారు? వలస చరిత్రలో ఓడల పేర్లు, ఒప్పందాల షరతులు, కూలీ రేట్లు విరివిగా చర్చకు వచ్చాయి. ఈ ప్రశ్న మాత్రం వాటి అంచునే ఉండిపోయింది. 1860 తరువాతి నేటాల్, 1903 తరువాతి ఫిజీ, 1965 తరువాతి అమెరికా అనే మూడు సందర్భాలను ఆధారం చేసుకొని దీనికి సమాధానం వెదకడం ఈ వ్యాస లక్ష్యం. ఈ కాలంలో వైద్యం ఊహించనంతగా మెరుగుపడింది. ఆలన బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉందని ఈ పరిశీలన నిరూపించదలచింది.

పురుడు ఒక వ్యవస్థ

మన సాహిత్యానికి పరాయిచోట కాన్పు కొత్త వస్తువు కాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణం మొదలుకొని కంకంటి పాపరాజు ఉత్తర రామాయణం వరకు, నిండు చూలాలైన సీత అడవిలో విడువబడి వాల్మీకి ఆశ్రమంలో కవలలను కన్న ఘట్టం తెలుగు పాఠకుడికి సుపరిచితం. మెట్టినిల్లు వెలివేసింది, పుట్టినిల్లు అందుబాటులో లేదు. ఆ లోటును ఆశ్రమం తీర్చింది. స్త్రీల రామాయణపు పాటలు మరింత లోతుకు వెళ్ళాయి. కౌసల్య వేవిళ్ళు, నొప్పులు, మంత్రసాని రాక, పురిటి స్నానం అక్కడ ప్రధాన కథావస్తువులయ్యాయి. కావ్యాలలో ఒకటి రెండు పద్యాలతో ముగిసే పురుడు స్త్రీల పాటల్లో సవివరంగా సాగుతుంది. పురిటి గది స్త్రీల జ్ఞానానికి నిలయమని ఆ పాటలు చెప్పకనే చెబుతాయి.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం మాత్రం పొరపాటు. నెలల తరబడి పుట్టింట విశ్రాంతి అన్నది భూవసతి ఉన్న కుటుంబాలకే సాధ్యమైంది. వ్యవసాయ కూలీ స్త్రీ నొప్పులు వచ్చేవరకు చేలో పనిచేసిన సందర్భాలు కొల్లలు. మంత్రసానికి ఆమె నైపుణ్యానికి తగిన గౌరవం దక్కలేదు; ఆ వృత్తిని తక్కువ కులాల స్త్రీలకు అప్పగించి, అవసరం తీరాక వారిని దూరం పెట్టడం పరిపాటి. ప్రసూతి మరణాలు కూడా అధికమే. అయినా ఒక విషయం గుర్తించాలి. పురిటి మైల అనే కఠినమైన ఆచారం స్త్రీని అంటరానిదాన్ని చేసినప్పటికీ, పది పదకొండు రోజులు ఆమెను పనికి దూరంగా ఉంచింది. పేద ఇంట కూడా అమ్మో, అక్కో, ఇరుగమ్మో చేతికి అందేంత దూరంలో ఉండేవారు. వలస తెంచివేసింది ఆ సామీప్యాన్నే.

ఓడ, ఒప్పందం

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుండి 1911 వరకు లక్షా 52 వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ చేరారు. వారిలో అధిక భాగం మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. ఫిజీకి 1879లో మొదలైన వలస తొలి దశలో కలకత్తా రేవుకే పరిమితమైంది. 1903 నుండి మద్రాసు రేవు కూడా తోడై, 1916 వరకు సాగింది. మొత్తం మీద 60 వేల మందికి పైగా అక్కడికి చేరారు. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండాలన్న నిబంధన స్త్రీల వలసను నిర్దేశించింది. స్త్రీలు ఆ లెక్కలోకి ఒక నిష్పత్తిగానే ప్రవేశించారు.

వలస పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరం మీది గుర్తులు నమోదయ్యేవి. చేతి మీది మచ్చను గుర్తుగా వ్రాసుకున్న గుమాస్తాకు, స్త్రీకి ఎన్నో నెల అన్నది వ్రాయడానికి విడిగా గడి లేదు. ఓడ మీద కాన్పు జరిగితే పుట్టిన శిశువు లెక్కకు చేరుతుంది. పురుడు పోసిన స్త్రీ ఎవరో ఏ లెక్కకూ చేరదు. ఓడలో వైద్యుడు ఉండేవాడు. కాని పరాయి భాష మాట్లాడే ఆ పురుషుడి ముందు తన శరీర బాధను చెప్పుకోవడం పల్లెటూరి స్త్రీకి ఎంత కష్టమో ఊహించడం కష్టం కాదు. ఉత్తర భారత కూలీల వ్యవహారంలో ‘జహాజీ’ అన్న మాట ఓడ బంధుత్వానికి పేరైంది. ఒకే ఓడలో వచ్చినవారు తోబుట్టువులతో సమానమన్న ఆ భావనను పురుషుల స్నేహంగానే చరిత్రకారులు ఎక్కువగా వర్ణించారు. రక్తబంధువులు లేని స్త్రీకి అది పుట్టింటి స్థానంలో నిలిచి ఉండాలి. నొప్పులు పడుతున్న రాత్రి ఆమె పిలవగలిగింది ఆ ఓడ చుట్టాన్నే.

ఒప్పంద పత్రంలోని వాగ్దానాలు చదివితే మొదట ఆశ కలుగుతుంది. ఫిజీ ఒప్పందం ఐదేళ్ళ గడువు, రోజుకు పురుషుడికి 12 అణాలు, స్త్రీకి 9 అణాలు అని పేర్కొంది. ఉచిత వైద్యం, ఆసుపత్రి వసతి, మందులు, రోగులకు ఆహారం కూడా అందులో ఉన్నాయి. నేటాల్‌లో స్త్రీ కూలీ పురుషుడి కూలీలో సగమే. ఈ షరతులన్నీ స్త్రీని తక్కువ పనిచేసే పురుషుడిగా లెక్కించాయి. రోగిగా ఆమెకు ఆసుపత్రి ఉంది. చూలింతగా, బాలింతగా ఆమెకు దక్కవలసిన కాలం మాత్రం పుట్టింటి ఆచారంలో ఉన్నంత స్పష్టంగా ఆ పత్రంలో లేదు.

తోటలో పురిటి గది

ఫిజీ తోటల్లో కూలీల నివాసాలను లైన్లు అనేవారు. ఒక్కొక్క గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ముగ్గురు ఒంటరి పురుషులకు గాని, భార్యాభర్తలకు, పిల్లలకు గాని అంతే చోటు. గదుల మధ్య గోడలు కప్పు దాకా ఉండేవి కావు. పురిటి గదికి చాటు, నిశ్శబ్దం, వెచ్చదనం కావాలన్న సంప్రదాయ జ్ఞానానికి ఆ గదిలో తావు లేదు. ఒక స్త్రీ నొప్పులు లైను మొత్తానికి వినబడేవి.

కాన్పు తరువాతి రోజులు అంతకంటె కఠినమైనవి. 1910లో ఫిజీలోని నాందీ ప్రాంతపు తోటలో నరైనీ అనే కూలీ స్త్రీ మృతశిశువును కన్నది. ఆపై కొద్ది రోజులకే పనిలోకి రమ్మని ఓవర్సీరు ఆదేశించాడు. ఆమె నిరాకరించింది. అతడు ఆమెను తీవ్రంగా కొట్టాడు. వ్యవహారం న్యాయస్థానానికి వెళ్ళింది. ఓవర్సీరు నిర్దోషిగా విడుదలయ్యాడు. ఈ ఘటనను తోటలలోని హింసకు ఉదాహరణగా చరిత్రకారులు పేర్కొన్నారు. ప్రసూతి చరిత్ర దృష్టితో చూస్తే అందులో మరొక అర్థం ఉంది. నరైనీ నిరాకరణ వెనుక బాలింత కొన్నాళ్ళు పనిచేయరాదన్న ఊరి ధర్మం ఉంది. ఓవర్సీరు ఆజ్ఞ వెనుక ఒప్పందం ఉంది. ఊరిలో అలిఖితంగా అందరూ పాటించిన హక్కు, లిఖిత చట్టం ముందు రుజువు లేని మాటగా మారిపోయింది.

బిడ్డ బతికి బట్టకట్టినా తల్లికి తీరిక లేదు. బిడ్డను వెంట తీసుకుపోవాలి, లేదా పని చేయలేని ముసలమ్మకు అప్పగించాలి. సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్ 1915లో ఫిజీలో జరిపిన విచారణ, ఆ తరువాత 1918లో ఫ్లోరెన్స్ గార్న్‌హామ్ సమర్పించిన నివేదిక స్త్రీల స్థితిగతులను వెలుగులోకి తెచ్చాయి. 1920 జనవరి 1తో ఫిజీలో మిగిలిన ఒప్పందాలు రద్దయ్యాయి. దీనికి కొద్ది వారాల ముందు, 1919లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ తన తొలి సమావేశంలోనే ప్రసూతి రక్షణ ఒడంబడికను ఆమోదించింది. కాన్పుకు ముందు, తరువాత ఆరేసి వారాల విరామం శ్రామిక స్త్రీ హక్కు అని అది ప్రకటించింది. మన దేశంలో బొంబాయి రాష్ట్రం 1929లో, మద్రాసు రాష్ట్రం 1934లో ప్రసూతి చట్టాలు చేశాయి. ఆ హక్కు అక్షరరూపం దాల్చేనాటికి దాని అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్న తరం గడిచిపోయింది.

ఆ తరం వారసులు ఆ లోటును మరచిపోలేదు. 1926లో ఫిజీలోని దక్షిణ భారతీయులు సంగం పేరిట సంఘటితమయ్యారు. అందులో తెలుగువారూ భాగస్వాములు. ఆ సంగం నేడు లంబాసాలో నర్సింగ్ కళాశాలను నడుపుతోంది. ఆడదిక్కు లేక పురుళ్ళు జరిగిన నేల మీద, ఆ స్త్రీల మునిమనుమల సంస్థ నర్సులకు శిక్షణ ఇవ్వడం చరిత్రకు దొరికిన చిన్న ఊరట.

డర్బన్‌లో ఒక కాన్పు

ఒప్పంద కాలపు కూలీ స్త్రీలు తమ పురుళ్ళ గురించి వ్రాసుకోలేదు. అదే నగరంలో, అదే కాలంలో, మరొక వర్గానికి చెందిన భారతీయ స్త్రీ కాన్పు గురించిన ప్రత్యక్ష కథనం ఉంది. 1900 మే నెలలో డర్బన్‌లో కస్తూర్బా తన చివరి కుమారుడు దేవదాసును కన్నది. ఆ వృత్తాంతాన్ని గాంధీజీ తన ఆత్మకథ ‘సత్యశోధన’లో వివరించాడు.

గాంధీజీ అప్పటికి న్యాయవాదిగా స్థిరపడ్డాడు. వైద్యుడిని, నర్సును పిలిపించుకోగల స్తోమత ఉంది. అయినా అవసరమైన క్షణానికి వారు రాకపోతే ఏమి చేయాలన్న భయం అతడిని వెంటాడింది. నర్సు భారతీయురాలు అయి ఉండాలి. అటువంటి శిక్షణ పొందిన స్త్రీ దక్షిణాఫ్రికాలో దొరకడం దుర్లభం. అందువల్ల అతడు ప్రసూతి విషయాలు బోధించే గుజరాతీ పుస్తకాన్ని శ్రద్ధగా చదివాడు. నొప్పులు హఠాత్తుగా వచ్చాయి. వైద్యుడు వెంటనే దొరకలేదు. మంత్రసానిని తీసుకురావడానికి వ్యవధి పట్టింది. చివరికి గాంధీజీ స్వయంగా ఆ కాన్పు చేశాడు. ఆ తరువాత నర్సును రెండు నెలలకు మించకుండా నియమించుకున్నారు. ఆమె ప్రధానంగా తల్లికి సహాయంగా ఉంటే, బిడ్డ ఆలన తానే చూసుకున్నాడు.

ఈ కథనం రెండు కారణాల వల్ల పరిశీలించదగినది. మొదటిది, సంపన్న వలస కుటుంబానికి కూడా పురిటి గది ఎంత అనిశ్చితమో ఇది చూపుతుంది. పుట్టింట అయితే అరడజను మంది స్త్రీలకు తెలిసి ఉండే విద్యను ఇక్కడ ఒక పురుషుడు పుస్తకం చూసి నేర్చుకోవలసి వచ్చింది. స్త్రీల మధ్య నోటిమాటగా సాగిన జ్ఞానం వలసలో అచ్చు పుస్తకాన్ని ఆశ్రయించింది. రెండవది, మనకు మిగిలింది భర్త కథనమే. నొప్పులు పడినది కస్తూర్బా. ఆమెకు ఆ రాత్రి భయం కలిగిందా, తల్లి గుర్తుకు వచ్చిందా, భర్త చేతిలో కాన్పు ఆమెకు సమ్మతమా అన్న ప్రశ్నలకు ‘సత్యశోధన’లో చోటు లేదు. కూలీ స్త్రీ విషయంలో ప్రభుత్వ పట్టిక మౌనం వహించింది. కస్తూర్బా విషయంలో ప్రేమతో వ్రాసిన కథనమే ఆమె గొంతును కప్పివేసింది.

దాదాపు అదే కాలంలో గాంధీజీ డాక్టర్ బూత్ పర్యవేక్షణలోని ధర్మాసుపత్రిలో రోజూ కొంత సమయం మందులు ఇచ్చే పని చేశాడు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువ మంది తమిళ, తెలుగు, ఉత్తర భారత ఒప్పంద కూలీలని అతడే వ్రాశాడు. పుస్తకం చదివి భార్యకు పురుడు పోసిన భర్త, ఏ పుస్తకమూ చదవలేని కూలీ కుటుంబాల రోగాలను ప్రతి ఉదయం చూశాడు. ఆ రెండు అనుభవాల మధ్య దూరం కొద్ది వీధులే అయినా, ఆ స్త్రీల పురుళ్ళ మధ్య దూరం చాలా ఎక్కువ.

అమ్మకు వీసా

1965లో అమెరికా వలస చట్టం మారింది. తెలుగు వైద్యులు, ఇంజనీర్లు, 1990ల నుండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కుటుంబాలతో అక్కడ స్థిరపడ్డారు. ఈ వలసను ఒప్పంద వలసతో సమానంగా చూడడం చరిత్రకు ద్రోహం. వీరు చదువుకున్నవారు, ఇష్టపడి వెళ్ళినవారు, ఉన్నతమైన వైద్యం అందుబాటులో ఉన్నవారు. అయినా ఎవరు పురుడు పోస్తారన్న పాత ప్రశ్న కొత్త రూపంలో వారికీ ఎదురైంది.

మొదట వైద్యం సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్సతో జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. అమెరికాలో అది దాదాపు మూడింట ఒక వంతు. ముహూర్తం చూసి ఆపరేషన్ తేదీ నిర్ణయించడం సొంత ఊళ్ళో చూసి వెళ్ళిన స్త్రీకి, కాన్పు ఎలా జరగాలని కోరుకుంటున్నావని ముందుగానే అడిగే వైద్యవ్యవస్థ కొత్తగా తోస్తుంది. 1994 చట్టం కారణంగా మన దేశంలో చెప్పకూడని శిశు లింగ వివరం అక్కడ సాధారణ సమాచారం. సహజ కాన్పుకు 48 గంటలు, శస్త్రచికిత్సకు 96 గంటలు ఆసుపత్రి బసకు బీమా వర్తించాలని 1996 నాటి అమెరికా చట్టం నిర్దేశించింది. ఇవన్నీ గుర్తించదగిన మేళ్ళు.

ఇక ఆలన సంగతి. ఆసుపత్రి వాకిలి దాటగానే వ్యవస్థ బాధ్యత చాలావరకు ముగుస్తుంది. కాన్పయిన గదిలోనే ఐసు ముక్కలు, చల్లని నీళ్ళు అందించే చోట వేడినీళ్ళు, మిరియాల చారు, వెల్లుల్లి కారం గుర్తుచేసుకునే బాలింత తన పథ్యం గురించి నర్సుకు వివరించలేక ఊరుకుంటుంది. బారసాల నాడు పెట్టవలసిన పేరును, జనన పత్రం కోసం ఆసుపత్రిలో ఉండగానే వ్రాసి ఇవ్వవలసి వస్తుంది. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం 12 వారాల సెలవు ఇచ్చింది. అది వేతనం లేని సెలవు. 50 మందికి తక్కువ పనిచేసే సంస్థలకు అది వర్తించదు. మన దేశంలో 2017 సవరణతో వ్యవస్థీకృత రంగంలో 26 వారాల వేతన సెలవు లభించింది. హైదరాబాదులో ఉద్యోగం వదిలి వెళ్ళిన స్త్రీ, సంపన్న దేశంలో అంతకంటె తక్కువ విశ్రాంతికి సిద్ధపడవలసి రావడం వింతగా తోచవచ్చు.

ఈ ఖాళీని పూరించింది తల్లులు. పూర్వం కూతురు పుట్టింటికి వచ్చేది. ఇప్పుడు పుట్టిల్లే కూతురి దగ్గరకు ప్రయాణమైంది. సందర్శక వీసా మీద, సాధారణంగా ఆరు నెలల అనుమతితో, కాయం పొడి, వాము, సాంబ్రాణి పెట్టెలో సర్దుకొని అమ్మలు విమానమెక్కారు. ఆరు నెలలు ముగిసేసరికి అత్తగారు రావడం, ఇద్దరి గడువులను ముందువెనుకలుగా లెక్కకట్టుకోవడం వలస కుటుంబాల ప్రణాళికలో భాగమైంది. పురుడు పోసే ఆ తల్లి చట్టం దృష్టిలో పర్యాటకురాలు. ఆమె చేసే సేవకు ఏ ప్రభుత్వ లెక్కలోనూ పేరు లేదు. ఓడ మీద పురుడు పోసిన స్త్రీకి పట్టికలో గడి లేకపోవడానికీ దీనికీ పోలిక స్పష్టం.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమైనదో 2020 చూపింది. మార్చిలో అమెరికా దౌత్య కార్యాలయాలు సాధారణ వీసా సేవలను నిలిపివేశాయి. అదే నెల 23 నుండి మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపివేసింది. నెలలు నిండిన స్త్రీలకు అమ్మ రాలేదు. వీడియో కాల్‌లో అమ్మ చెబుతుండగా భర్త పసిబిడ్డకు స్నానం చేయించాడు. 1900లో గాంధీజీ పుస్తకం చూసి చేసిన పనినే ఈ తరం భర్త తెర చూసి చేశాడు. తెరకు ఆవల అమ్మ గొంతు ఉండడమే తేడా.

చట్టం పురిటి గదిలోకి మరొక దారిన కూడా ప్రవేశిస్తుంది. నేటాల్ ప్రభుత్వం ఒప్పందం ముగిసిన కూలీల మీద 1895లో విధించిన మూడు పౌండ్ల తలపన్నును 1903లో వారి పిల్లలకూ విస్తరించింది. పదమూడేళ్ళు నిండిన ఆడపిల్ల కూడా దానికి బాధ్యురాలు. 2025 జనవరి 20న అమెరికాలో జారీ అయిన ఉత్తర్వు, తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రుల బిడ్డలకు జన్మతః పౌరసత్వాన్ని నిరాకరించబూనింది. అది న్యాయస్థానాలలో సవాలుకు గురైంది. ఈ రెండింటి సందర్భాలు వేరు. అయితే పుట్టబోయే బిడ్డ ఏ దేశపు బిడ్డ అన్న భయాన్ని కడుపుతో ఉన్న స్త్రీయే మోయవలసి రావడం రెంటికీ సమానం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, వలస దేశంలో ప్రసూతి సంరక్షణను వైద్యం, ఆలన అనే రెండు భాగాలుగా విడదీసి చూడాలి. తోట ఆసుపత్రి నుండి నేటి ఆసుపత్రి వరకు వైద్యం మారింది. ఆలన మాత్రం ఓడ చుట్టం, భర్త, వీసా మీద వచ్చిన తల్లి అనే వ్యక్తుల మీదనే ఆధారపడింది. రెండవది, ఊరి ఆచారంలో ఉన్న విశ్రాంతి హక్కు సరిహద్దు దాటగానే చెల్లకుండా పోయింది. దాని స్థానంలో చట్టబద్ధమైన హక్కు రావడానికి తరాలు పట్టింది, కొన్నిచోట్ల నేటికీ పూర్తిగా రాలేదు. మూడవది, పురుడు పోసినవారు ఏ కాలంలోనూ లెక్కలకు ఎక్కలేదు.

ఈ మూడవ అంశం సాహిత్య పరిశోధకులకు ఒక పని అప్పగిస్తోంది. విదేశాలకు వెళ్ళి కూతుళ్ళకు, కోడళ్ళకు పురుళ్ళు పోసి వచ్చిన స్త్రీలు నేడు మన ఇళ్ళలో, మన వీధుల్లో ఉన్నారు. వారి అనుభవాలు మౌఖిక చరిత్రగా ఇంకా నమోదు కావలసి ఉంది. కౌసల్య వేవిళ్ళను పాటగా కట్టి నిలుపుకున్న జాతికి ఇది అసాధ్యం కాదు. నేటాల్, ఫిజీ స్త్రీల విషయంలో ఆ అవకాశం చేజారిపోయింది. ఈ తరం తల్లుల విషయంలోనైనా అది చేజారకముందే వారిని అడిగి, విని, వ్రాసుకోవడం మన కర్తవ్యం.